మూడడుగుల చేతి తుపాకీ

ముచ్చలకొండలో పంటల రక్షణ దళం ఏర్పడి మూడేళ్లయింది. ఆ దళానికి తుపాకీ లేదన్న సంగతి అడవి పందులకు తప్ప బయటివాళ్లెవరికీ తెలియదు.

దళానికి ఆఫీసుంది. ఆఫీసుకు బోర్డుంది. బోర్డు మీద మోకాలి మీద కూర్చుని గురిపెడుతున్న మనిషి బొమ్మ ఉంది. జీపుంది, తొమ్మిది మంది రక్షకులున్నారు, వాళ్లకు తొమ్మిది ఈలలున్నాయి. వీటన్నిటికీ మించి పన్నెండు వేల రివాల్వర్ తూటాలున్నాయి. మొదటి సంవత్సరం అధికారులకు రివాల్వర్లు తెప్పిద్దామనుకున్నప్పుడు ముందు తూటాలు వచ్చాయి. ఆ తరువాత బడ్జెట్ సంవత్సరం అయిపోయింది. రివాల్వర్లు రాలేదు.

ఆ తూటాలకు కాపలా దస్తగిరి. పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఏళ్లు తుపాకులు విప్పి, తుడిచి, బాగుచేసి బిగించిన మనిషి. తుపాకులు లేని చోటికి తుపాకులు బాగుచేసేవాణ్ణి ఎందుకు పంపుతున్నారని వచ్చేటప్పుడు అడిగాడు. అక్కడ పోస్టు ఖాళీగా ఉంది గనక పంపుతున్నామన్నారు. అప్పటినుంచి వారానికోసారి తూటాల పెట్టెలు ఎండ తగిలే చోటికి జరిపి, మళ్లీ నీడకు జరిపి, మిగిలిన వేళ బీరువాలకు నూనె వేస్తూ కాలం గడుపుతున్నాడు.

సెప్టెంబరులో ఒకరోజు ఓబులమ్మ వచ్చింది. కొండవార రెండెకరాల్లో వేరుశనగ వేసిన ఆడమనిషి. చేతిలో పెళ్లగించిన మొక్కలు, మట్టితో సహా.

“మీ సారు ఉండాడా దస్తగిరన్నా?”

“ట్రైనింగులో ఉండారక్కా.”

“ఉండనీలే. ఈ చెట్లు ఆయన బల్ల మీద పెట్టి పోతా. నేను చెప్పేదానికంటే ఇవే బాగా చెప్తాయి.” ఒక మొక్కను తిప్పి ఊడలకు వేలాడుతున్న లేత కాయలు చూపించింది. “కాయ గట్టిపడాలంటే ఇంకా నలభై దినాలు కావాల. పందులకి అంత ఓపిక ల్యా. పోయిన వారం మా ఆయన అడ్డం పోతే ఒకటి తొడ చీల్చింది. మంచంలో ఉండాడు. మీరేమో ఈలలు ఊదుతారు. మీ ఈల ఇంటాంటే వాటిని మేతకి పిలిచినట్టుండాది.”

దస్తగిరికి తన నడుముకున్న బెల్టు, భుజం మీదున్న పట్టీలు ఒక్కసారిగా ఎవరివో ఎరువు తెచ్చుకున్నవిగా అనిపించాయి. ఆమె వెళ్లిపోయాక మొక్కలు తీసి పారేయలేదు. దళాధికారి వచ్చి కూర్చునే బల్ల మీద అలాగే ఉంచాడు.

దళాధికారి కమలాకర్ గారు మరునాడు కొండల మీద చల్లటి ఊళ్లో అయిదు రోజుల శిక్షణ ముగించుకుని వచ్చారు. ఒక్కో శిక్షణ నుంచి ఒక్కో ఉత్సాహంతో తిరిగి రావడం ఆయనకు అలవాటు. కిందటిసారి వచ్చినప్పుడు ఆఫీసులో అందరిచేతా లోతుగా గాలి పీల్పించారు. ఈసారి అందరినీ హాలులో కూర్చోబెట్టారు.

“మిత్రులారా! నేడు ప్రపంచం ఏకగుళికా విధానం వైపు పరుగెడుతోంది. ఒక శాఖకు ఒకే రకం గుళిక, అంటే తూటా. చిన్న ఆయుధానికైనా అదే, పెద్ద ఆయుధానికైనా అదే. గుళికల విషయంలో మనం ఇప్పటికే ఏకత్వం సాధించాం. ఆయుధాలు మాత్రమే మిగిలి ఉన్నాయి.”

దస్తగిరి లేచి నిలబడ్డాడు. మూడేళ్లలో మీటింగులో అతను నోరు విప్పడం అదే మొదలు.

“సార్, ఒక మాట. రివాల్వర్ తూటానే వేసుకునే పొడుగు తుపాకీ ఒకటి ఉంటాది. కార్బైన్ అంటారు. ట్రిగ్గర్ చుట్టూ చెయ్యి దూరేంత కమ్మీ ఉంటాది, అదే మీట. దాన్ని కిందికి నెట్టి పైకి లాగితే కాలిన తూటా బయటపడి కొత్తది లోపలికి వస్తాది. పొడుగు తుపాకుల్లో ఇది పొట్టిది, కంపల్లో చిక్కుకోదు. భుజాన్ని ఎక్కువ తన్నదు. యాభై అరవై గజాల్లో పంది ఉంటే పని అయిపోతాది. తూటాలు మన దగ్గర ఉండనే ఉండాయి.”

ఆ ఆఫీసులో పనికివచ్చే మాట విని చాలా రోజులైనందువల్ల దాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

“అద్భుతం! ఇంత సులభమైన ఉపాయాన్ని నేరుగా అమలు చేయడం ప్రమాదకరం. కమిటీ వేద్దాం,” అన్నారు కమలాకర్ గారు.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షులు దళాధికారి. కార్యదర్శి ఆఫీసు సూపరింటెండెంటు ఫణిశయనం గారు. ఆయనకు నియమావళి కంఠతా వచ్చు. మాట్లాడేటప్పుడు కూడా నియమావళి భాషలోనే మాట్లాడతారు. మూడవ సభ్యుడు దస్తగిరి, ఓటు లేకుండా.

వారం తిరక్కుండానే మూడు కంపెనీల నుంచి మూడు నమూనా కార్బైన్లు వచ్చాయి. దస్తగిరి వాటిని స్టోరుగదిలో దుప్పటి పరిచి వరసగా పెట్టుకున్నాడు. చాలాకాలం తరువాత చేతికి నూనె వాసన, ఉక్కు చల్లదనం తగిలాయి. మొదటిది నగిషీలతో పెళ్లికొడుకులా ఉంది. మీట మాత్రం బిర్రుగా ఉంది, పదిసార్లలో ఒకసారి డమ్మీ తూటాను అడ్డంగా పట్టేసుకుంది. రెండవదాన్ని నింపాలంటే ముందువైపు గొట్టం లాగి పైనుంచి తూటాలు జారవిడవాలి. పంది ఎదురుగా ఉన్నప్పుడు ఎవడు లాగుతాడు? మూడవది సాదాగా ఉంది. కుడిపక్కన చిన్న తలుపు, బొటనవేలితో ఒక్కొక్క తూటా నళి కిందున్న గొట్టంలోకి నెట్టుకోవచ్చు. దాని మీటను వందసార్లు ఆడించాడు. బాగా అరిగిన కుట్టుమిషన్‌లా మెత్తగా ఆడింది. రక్షకుల్లో అందరికంటే సన్నటి మనిషిని పిలిచి భుజానికి ఆనించి చూడమన్నాడు.

“ఎట్లుండాది?”

“నాదే అయినట్టుండాదన్నా.”

దస్తగిరి నిర్ణయించుకున్నాడు. కమిటీ ఇంకా మొదలు కాలేదు.

మరునాడు ఫణిశయనం గారు మార్కుల పట్టిక చదివి వినిపించారు. “ఛాయాచిత్రమునకు ముప్పది మార్కులు. పెట్టెకు నలుబది. ధ్రువపత్రముల కట్ట మందమునకు ఇరువది. ప్రయోగమునకు పది. ప్రయోగించి చూచుటకు మనకు స్థలము లేదు గనుక ఆ పదియును మూడింటికిని సమానముగా ఇచ్చివేయుదము.”

“పెట్టెకి నలభయ్యా సార్?” అన్నాడు దస్తగిరి.

“బయటినుండి కనబడునది పెట్టెయే గదా.”

మొదటి తుపాకీ నల్లటి తోలుపెట్టెలో వచ్చింది. రెండవది ఇనుప పెట్టెలో వచ్చింది. దస్తగిరి మనసుపడ్డది అట్టపెట్టెలో, తాడు కట్టి వచ్చింది. పెట్టెల పరిశీలన సాయంత్రం అయిదింటికని తెలుసుకుని, మధ్యాహ్నం సైకిలెక్కి వీరభద్రాచారి ఇంటికి వెళ్లాడు. ఆచారి నాటకాలకు హార్మోనియం వాయిస్తాడు. ఆయన కాళ్ల హార్మోనియానికి టేకు పెట్టె ఉంది. మూలలకు ఇత్తడి తొడుగులు, లోపల ఎర్ర మఖమలు.

“పొద్దు గుంకేలోగా తెచ్చిస్తా స్వామీ.”

“లోపల ఏం పెడతావు దస్తగిరీ?”

“అదీ పలికేదే. శ్రుతి కొంచెం గట్టిగా ఉంటాది.”

సాయంత్రం కమలాకర్ గారు టేకు పెట్టె మూత తీసి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. లోపలినుంచి ఊదొత్తుల వాసన వచ్చింది. “ఆహా! ఒక ఆయుధాన్ని ఇంత గౌరవంగా పంపిన సంస్థను నేను చూడలేదు.” నలభైకి నలభై వేశారు. మూత లోపల అతికించి ఉన్న రాగాల పట్టికను ఫణిశయనం గారు వేలితో తడిమి చూసి, ధ్రువపత్రం కింద అయిదు మార్కులు కలిపారు. మూడవ కార్బైన్ నెగ్గింది.

దళం చరిత్రలో ఎన్నడూ లేనంత త్వరగా, పన్నెండో రోజుకు తొమ్మిది కార్బైన్లు వచ్చాయి. దస్తగిరి స్వయంగా లారీ నుంచి దించుకున్నాడు. రక్షకులు చుట్టూ మూగారు. పంచబోతుండగా ఫణిశయనం గారు నియమావళి చంకన పెట్టుకుని వచ్చారు.

“ఆగుము. ఆయుధ స్వభావమును గుళికయే నిర్ణయించునని మూడవ అధ్యాయము. ఇందు వాడు గుళిక చేతి తుపాకీ గుళిక. కావున ఇది చేతి తుపాకీ.”

“మూడడుగులు ఉండాది గదా సార్!”

“పొడవును గూర్చి అధ్యాయము మౌనము వహించినది.”

ఆ మౌనం నుంచి ఒక్కొక్కటిగా మెమోలు పుట్టుకొచ్చాయి. చేతి తుపాకీ గెజిటెడ్ అధికారికి మాత్రమే ఇవ్వాలి. దళంలో గెజిటెడ్ అధికారి కమలాకర్ గారొక్కరే. తొమ్మిది తుపాకులూ ఆయన పేరనే రాశారు. నడుము ఒకటే గనక ఎనిమిది స్టోరులో పెట్టారు.

రెండవ మెమో ప్రకారం చేతి తుపాకీని నడుముకు తోలు ఒరలోనే ధరించాలి. గుర్రపు జీనులు కుట్టే ఆయన చేత ఒర కుట్టించారు. అది దళాధికారి నడుము నుంచి పాదం దాకా వచ్చింది. కమలాకర్ గారు పొట్టి మనిషి. జీపులో కుడికాలు మడవడానికి వీల్లేక బయటకు చాపుకుని కూర్చునేవారు. కాలు విరిగిందనుకుని దారిలో జనం పరామర్శించారు. ఇద్దరు పండ్లు కూడా తెచ్చిచ్చారు. ఒర కొస నేలను తాకరాదన్న మూడవ మెమో మూలాన ఆయన దిగి నిలబడ్డప్పుడల్లా కాళ్లకింద పీట వేయడానికి డ్రైవరు బాలన్నను నియమించారు.

అన్నిటికంటే కష్టమైనది నాలుగవ మెమో. చేతి తుపాకీని కుడిచేత మాత్రమే పట్టుకుని, ఎడమచేయి వీపు వెనుక పెట్టుకుని పేల్చాలి. మరి మీట ఆడించేదెవరు? దానికి ‘మీట సహాయకుడు’ అనే పోస్టు సృష్టించి దస్తగిరిని వేశారు. దళాధికారి చేయి మీటలో ఉండగా ఆ చేతినే పట్టుకుని కిందికి నెట్టి పైకి లాగాలి. ఆవరణలో వాళ్లిద్దరూ సాధన చేస్తుంటే, చూసేవాళ్లకు పాత స్నేహితులు చేతులు కలిపి వదల్లేకపోతున్నట్టుండేది.

“సార్, ఇట్లయితే పంది నిలబడుకోని చూస్తాది గానీ పడదు,” అన్నాడు దస్తగిరి చెమట తుడుచుకుంటూ.

“దస్తగిరీ, పద్ధతి ముఖ్యం. ఫలితం దానంతటదే వస్తుంది.”

అయిదవ మెమో ఓబులమ్మ చేను మీద నేరుగా పడింది. చేతి తుపాకీ ఆత్మరక్షణకు మాత్రమే. పంది అధికారిపై దాడి చేసిన తరువాతే పేల్చాలి.

ఆ సంగతి తెలిసి ఓబులమ్మ ఫణిశయనం గారి బల్ల దగ్గరికి వచ్చింది. “నా చేను మీద పడతాంటే చాలదా సామీ?”

“అమ్మా, పంది వేరుశనగపై దాడి చేసినచో అది వేరుశనగ ఆత్మరక్షణకు సంబంధించిన విషయము.”

ఆమె దస్తగిరి వైపు చూసింది. కోపంగా చూస్తే బాగుండేది. జాలిగా చూసింది. ఆ చూపు అతనికి ఇంటికెళ్లినా వదల్లేదు. అన్నం సగంలో వదిలేసి చేయి కడుక్కున్నాడు.

చివరికి ఒక సోమవారం ఉదయం ఏడింటికి ప్రారంభోత్సవం పెట్టారు. ఓబులమ్మ చేనిగట్టున షామియానా కట్టారు. పక్కనున్న జొన్నచేలో పెద్ద మగపంది పడుకుని ఉందని రక్షకులు ముందే కనిపెట్టారు. కమలాకర్ గారు ఒరతో దిగారు, బాలన్న పీట వేశాడు, ఆయన ఎక్కారు. దస్తగిరి పక్కన నిలబడ్డాడు. దాడి జరిగినట్టు రాసుకోవడానికి ఫణిశయనం గారు ఫారం పట్టుకుని వెనక నిలబడ్డారు. ఓబులమ్మ గడ్డపార పట్టుకుని కాస్త దూరంలో ఉంది.

ఈలలు మోగాయి. జొన్న కదిలింది. పంది బయటికి వచ్చి నిలబడింది. మెడ మీద జుట్టు నిక్కబొడుచుకుని ఉంది. కోరలు పసుపుపచ్చగా, వేలెడంత ఉన్నాయి.

“ఇంక తీయండి సార్,” అన్నాడు దస్తగిరి మెల్లగా.

“దాని ఉద్దేశము ఇంకను స్పష్టము కాలేదు,” అన్నారు ఫణిశయనం గారు.

పంది తన ఉద్దేశం స్పష్టం చేసింది. తలవంచి నేరుగా పీట వైపు వచ్చింది. ఫణిశయనం గారు ఫారంలో సమయం వేసి, అటుపైన షామియానా గుంజ ఎక్కారు. బాలన్న ఎటు వెళ్లాడో ఎవరూ చూడలేదు. కమలాకర్ గారు ఎడమచేయి వీపు వెనుక పెట్టుకునే, కుడిచేత్తో తుపాకీ లాగారు. సగం వచ్చింది. ఇంకా లాగారు. మొత్తం వచ్చేసరికి అది ఆయన తలకంటే ఎత్తున ఉంది. పేలింది. ఆ తూటా పక్క చేలోని దిష్టిబొమ్మ టోపీని ఎత్తుకుపోయింది. ఆయన పీట మీదనుంచి వెల్లకిలా పడ్డారు.

తుపాకీ దస్తగిరి కాళ్ల దగ్గర పడింది.

తరువాత జరిగింది అతను ఆలోచించి చేయలేదు. రెండు చేతులతో తీసుకున్నాడు. మీట కిందికి, పైకి. భుజానికి ఆనింది. ఇరవై అడుగుల్లో ఒకసారి, మళ్లీ మీట ఆడించి పన్నెండు అడుగుల్లో ఇంకొకసారి పేల్చాడు. పంది ముందుకాళ్లు మడిచి, దళాధికారి బూటుకు మూరెడు దూరంలో ఆగి, పక్కకు ఒరిగింది.

ఓబులమ్మ గడ్డపార కిందపెట్టి వచ్చి పందిని చూసింది, దస్తగిరిని చూసింది. “నీకు చేతనయితాదని ఇన్నాళ్లు చెప్పకపోతివే అన్నా,” అంది.

గుంజ మీదనుంచి ఫణిశయనం గారి గొంతు వినిపించింది. “రెండు చేతులు! అందరును చూచితిరి గదా? రెండు చేతులు!”

మరునాడు దస్తగిరికి మెమో వచ్చింది. గెజిటెడ్ కాని ఉద్యోగి చేతి తుపాకీ పేల్చినందుకు, అందునా రెండు చేతులు వాడినందుకు ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లో చెప్పాలి. కమలాకర్ గారికి మనసులో కృతజ్ఞత లేకపోలేదు. “నా ప్రాణం కాపాడావు దస్తగిరీ, వ్యక్తిగతంగా ధన్యవాదాలు. కానీ నేను కుర్చీలో కూర్చుంటే వ్యక్తిని కాను,” అన్నారు కాలికి కట్టుతో.

మూడేళ్లలో రిటైరవుతాడు దస్తగిరి. తప్పయిందని రాద్దామని కాగితం ముందు కూర్చున్నాడు. తప్పు అన్న మాట రాయబోతే కలం సాగలేదు. ఏది తప్పు? కూరుకుపోయిన మరను విప్పే అలవాటున్నవాడు, ఈసారి నియమావళి తెరిచాడు. మూడవ అధ్యాయం రెండు రోజులు చదివాడు. మూడవ రోజు ఫణిశయనం గారి భాషలోనే ఇలా రాశాడు.

“ఆయుధ స్వభావమును గుళికయే నిర్ణయించును. దళాధికారి గారు పేల్చిన పిమ్మట తుపాకీలో నిలిచినది ఖాళీ తొడుగు మాత్రమే. క్రింది గొట్టములో నున్న గుళికలు వరుసలో నిలబడినవే గాని ఇంకను లోపలికి చేరినవి కావు. గుళిక లేని తుపాకీ చేతి తుపాకీ కాజాలదు. కావున నేను రెండు చేతులతో ఎత్తినది పొడుగు తుపాకీ. అటుపిమ్మట లోపలికి వచ్చిన గుళికలు తమంతట తామే వచ్చినవిగా భావించ ప్రార్థన.”

ఫణిశయనం గారు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు. ఆయన గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా వినిపించింది.

“దస్తగిరీ, ముప్పై ఏళ్లుగా ఈ అధ్యాయాన్ని నేనొక్కణ్ణే చదువుతున్నాననుకున్నానయ్యా.”

మెమో రద్దయింది. అంతటితో ఆగలేదు. ఆ తర్కం ఫణిశయనం గారికి నిద్ర పట్టనివ్వలేదు. వారం లోపల సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట తుపాకులన్నీ ఎల్లవేళలా ఖాళీగా ఉంచవలెను. ఖాళీ తుపాకీ పొడుగు తుపాకీ గనుక ఏ రక్షకుడైనా, ఒర లేకుండా, రెండు చేతులతో పట్టుకుని తిరగవచ్చును.

స్టోరులోని ఎనిమిది కార్బైన్లూ బయటికి వచ్చాయి. ఒరను తిరిగి ఇచ్చేస్తే జీనులాయన విప్పి మూడు సంచులు కుట్టుకున్నాడు. రక్షకులు తుపాకులు భుజాన వేసుకుని తెల్లవారుజామున చేల గట్ల వెంట నడవడం మొదలుపెట్టారు.

“ఉత్త తుపాకీతో ఏం జేస్తావన్నా?” అంది ఓబులమ్మ.

దస్తగిరి చొక్కా జేబు తట్టాడు. లోపల ఏదో గలగలమంది. “తుపాకీ ఖాళీగా ఉండాలన్నారు గానీ, జేబు ఖాళీగా ఉండాలని యాడా రాయలేదక్కా. పక్కన తలుపుండాది. బొటనవేలుండాది. ఎంత సేపు?”

నెల తిరిగేసరికి పందులు కొండ అవతలికి మకాం మార్చాయి. ఓబులమ్మ కాయ గట్టిపడింది. మొగుడు కర్ర పట్టుకుని చేనిదాకా నడవగలుగుతున్నాడు. నెలసరి నివేదికలో కమలాకర్ గారు ఇలా రాశారు: “ఒక్క గుళికయైనా నింపని ఆయుధాలతో, కేవలం దళం ఉనికి చేతనే వన్యమృగాలు స్వచ్ఛందంగా నిష్క్రమించాయి.” నివేదిక రాజధాని చేరింది. ‘రిక్త ఆయుధ నమూనా’ అని దానికో పేరు వచ్చింది. కమలాకర్ గారికి శాలువా కప్పారు. ఆ నమూనాను అధ్యయనం చేయడానికి పదకొండు జిల్లాల నుంచి ముప్పై మంది అధికారులు బస్సులో ముచ్చలకొండ వచ్చారు.

రెండు గంటలు కమలాకర్ గారు మాట్లాడారు. ఆ తరువాత, కిందిస్థాయి అనుభవం కూడా విందామని దస్తగిరిని వేదిక మీదికి పిలిచారు. ముప్పై మందీ నోటుపుస్తకాలు తెరిచారు.

“ఖాళీ తుపాకీతో ఇంతటి ఫలితం ఎలా సాధించారు? మీ రహస్యం ఏమిటి?” అని ముందువరసలో ఒక అధికారి అడిగారు.

దస్తగిరి వాళ్ల ముఖాలు చూశాడు. ఇస్త్రీ చొక్కాలు చూశాడు. నిజం చెబితే ఎవరికి నష్టమో, చెప్పకపోతే ఎవరి చేను పోతుందో కాసేపు ఆలోచించాడు.

“సార్, ఏం లేదు. యూనిఫాం కుట్టించేటప్పుడు జేబులు లోతుగా పెట్టించుకోండి.”

హాలులో కలాలు కదిలాయి. అందరూ రాసుకున్నారు. ఒకాయన మాత్రం చేయెత్తి అడిగాడు.

“ఎన్ని అంగుళాలు?”